కప్పు లేని కారుకు బిగువు

మోటారు కారుకు పైకప్పు ఉన్నది ఎండా వానా తగలకుండా చూడడానికే అన్న అభిప్రాయం సహజమైనదే అయినా, రేకులను మడిచి, అతికించి, ఒకే పెట్టెగా తయారుచేసే నేటి కార్లలో ఆ కప్పు గొడుగు పని కన్నా దూలం పనే ఎక్కువగా చేస్తుంది. ముందు అద్దానికి రెండు పక్కలా నిలిచే స్తంభాలు, సీట్ల వెనక లేచే స్తంభాలు, వాటి తలలను కలిపే పట్టెలు, ఆ పట్టెల మీద పరచిన రేకు, ఇవన్నీ అడుగున ఉన్న నేలరేకుతో కలిసి మనుషులు కూర్చునే గదిని మూసిన గొట్టంగా మారుస్తాయి. ఆ గట్టి కప్పు లేకుండా, మడిచిపెట్టుకోగలిగిన గుడ్డకప్పుతో వచ్చే కారును కన్వర్టిబుల్ అంటారు. ఇద్దరు కూర్చునే తేలికపాటి స్పోర్ట్స్ కార్లలో ఈ రకానికి ప్రపంచమంతటా అభిమానులున్నారు. వారిలో చాలామందికి కొంతకాలానికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. కారు అడుగున బిగించే అడ్డకడ్డీలు, ఇంజను గదిలో అమర్చే బార్లు, సీట్ల వెనక నిలబెట్టే ఇనుప కమానులు విడిగా అమ్మకానికి దొరుకుతున్నాయి గనుక, వాటికి పెట్టే డబ్బూ వాటి వల్ల పెరిగే బరువూ దక్కే ఫలితానికి తగినవేనా అన్నదే ఆ ప్రశ్న. దానికి అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పడం సాధ్యం కాదు. ఏ భాగం, ఏ కారుకు, ఏ పనికి అన్న మూడు సంగతులూ తేలితేనే సమాధానం దొరుకుతుంది.

బూట్లు అమ్మే అట్టపెట్టె ఒకటి ఇంట్లో ఉంటే ఈ విషయంలో సగం దానితోనే తెలుస్తుంది. మూత తీసిన పెట్టెను రెండు చివరలా పట్టుకుని, తడిబట్ట పిండినట్టు ఒక చేతిని ఇటూ మరొక చేతిని అటూ తిప్పితే పెట్టె ఏమాత్రం ఎదిరించకుండా మెలిపడుతుంది. మూత పెట్టి, అంచుల చుట్టూ టేపు అతికించి మళ్లీ తిప్పితే, అదే అట్ట, అంతే మందం, అయినా పెట్టె కదలడానికి నిరాకరిస్తుంది. టేపు వేయకుండా మూతను ఊరికే పెట్టి తిప్పితే మూత పక్కకు జారి, ఫలితం ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఆగుతుంది. కన్వర్టిబుల్ కారు మూత లేని పెట్టె. దాని గుడ్డకప్పు బిగువు విషయంలో లేనట్టే లెక్క. కొన్ని కార్లకు విడిగా దొరికే గట్టికప్పు, అంటే హార్డ్‌టాప్, కొక్కేలతో మాత్రమే పట్టి ఉంటుంది గనుక టేపు వేయని మూత వంటిది.

ఈ తేడా ఎంతటిదో లెక్క కట్టే సూత్రాన్ని జర్మన్ ఇంజనీరు రూడోల్ఫ్ బ్రెట్ 1896లో ప్రకటించాడు. పలుచని గోడలున్న మూసిన గొట్టం మెలిని ఎదిరించే శక్తి ఆ గొట్టం చుట్టుముట్టిన వైశాల్యపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని ఆ సూత్రం సారాంశం. 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 1 మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు గొట్టాన్ని తీసుకుని, దాని పొడవునా ఒక చీలిక కోస్తే, తగ్గిన ఉక్కు దాదాపు ఏమీ లేకపోయినా, మెలిని ఎదిరించే శక్తి 1200 వంతులలో ఒక వంతుకు పడిపోతుంది. ఇదే సూత్రం మరొక మాట కూడా చెబుతుంది. 10 సెంటీమీటర్ల చదరపు గొట్టాన్ని అదే మందపు రేకుతో 20 సెంటీమీటర్ల ఎత్తుకు పెంచితే బరువు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది గానీ బిగువు సుమారు 2.7 రెట్లకు చేరుతుంది. ఎత్తు మార్చకుండా ఆ అదనపు ఉక్కును మందానికే ఖర్చుపెడితే బిగువు కూడా ఒకటిన్నర రెట్ల దగ్గరే ఆగిపోతుంది. ఉక్కు ఎంత ఉందన్నది కాదు, అది ఎంత చోటును చుట్టుకుని ఉందన్నది ముఖ్యమని దీని అర్థం. విడిగా అమ్మే కడ్డీలను చూసేటప్పుడు కొనుగోలుదారు మనసులో ఉంచుకోవలసిన మొదటి నియమం ఇదే.

కప్పు లేని కార్లను రూపొందించిన ఇంజనీర్లు ఈ నియమానికి ఒదిగి ఎన్ని దారులు వెతికారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పూర్వపు కార్లకు అడుగున నిచ్చెన ఆకారంలో ఒక ఇనుప చట్రం ఉండేది, చాసిస్ అంటే అదే. పైన ఉండే శరీరం బరువు మోయదు గనుక కప్పు ఉన్నా లేకపోయినా తేడా అంతంతమాత్రం. 1922లో ఇటలీలో వచ్చిన లాన్సియా లాంబ్డా ఆ చట్రాన్ని వదిలిపెట్టి, శరీరమే బరువు మోసే పద్ధతిని ప్రవేశపెట్టింది. అది కప్పు లేని కారు కావడం వల్ల పక్కగోడలను ఎత్తుగా ఉంచి, సీట్లను లోతుగా దింపవలసి వచ్చింది. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్ కారుకు సన్నని గొట్టాల అల్లికే అస్థిపంజరం. ఆ అల్లిక పక్కల చాలా ఎత్తుకు రావడంతో మామూలు తలుపులు పెట్టడానికి చోటు లేక, పక్షి రెక్కల్లా పైకి లేచే తలుపులు పుట్టాయి. 1957లో దాని కప్పులేని రూపం తెచ్చినప్పుడు పక్కలను కిందికి దించి, ఆ అల్లికనే కొత్తగా మలచవలసి వచ్చింది. లోటస్ సంస్థ 1962లో ఎలాన్ కారుకు మధ్యలో వెన్నెముక వంటి మూసిన ఉక్కు పెట్టెను పెట్టింది. అదే సంస్థ 1996 నాటి ఎలీజ్‌లో అల్యూమినియం పట్టెలను జిగురుతో అతికించి, 68 కిలోల చట్రం తయారుచేసింది. ఆ కారులోకి ఎక్కేవారు వెడల్పాటి ఎత్తైన గడపను దాటుకుంటూ దిగవలసి ఉంటుంది. ఇంటికి గడప ఎలాగో కారుకు తలుపు కింద ఉండే పొడవాటి పట్టె అలాగ. దానిని సిల్ అంటారు. కప్పు పోయిన కారులో కప్పు చేయవలసిన పని ఈ రెండు గడపల మీదా, మధ్యలో గేరుబాక్సును కప్పుతూ పోయే సొరంగం మీదా పడుతుంది.

1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో ప్రజల ముందుకు వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5, అమెరికాలో మియాటా అన్న పేరుతో ప్రసిద్ధమైనది, ఈ చర్చకు అన్నింటి కన్నా తగిన ఉదాహరణ. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అదే. 2016లో పది లక్షలవ కారు హిరోషిమాలోని కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. తొషిహికో హిరాయ్ నాయకత్వంలో దానిని రూపొందించిన బృందం గుర్రమూ రౌతూ ఒక్కటేనన్న జపనీయుల పాత భావనను ఆదర్శంగా పెట్టుకుంది. 1.6 లీటర్ల ఇంజనుతో వచ్చిన తొలి కారు బరువు సుమారు 950 కిలోలు. ఆ తేలికదనం కోసం రేకు మందం దగ్గర ఎంతో పొదుపు పాటించవలసి వచ్చింది. దాని గేరుబాక్సునూ వెనక డిఫరెన్షియల్‌నూ కలుపుతూ చిల్లులు పొడిచిన అల్యూమినియం దూలం ఒకటి ఉంటుంది. చాలామంది దానిని శరీరానికి బలమిచ్చే భాగమనుకుంటారు గానీ, దాని అసలు పని ఇంజను శక్తి చక్రాలకు చేరేటప్పుడు ఆ భాగాలు తలలూపకుండా పట్టి ఉంచడం. 1994 మోడల్‌లో ఇంజను 1.8 లీటర్లకు పెరిగినప్పుడు కర్మాగారమే ముందూ వెనకా సస్పెన్షన్ చట్రాలకు అడ్డకడ్డీలను, సీట్ల వెనక సీటుబెల్టు స్తంభాల మధ్య ఒక బార్‌ను అదనంగా చేర్చింది. ఈ చిన్న చారిత్రక సంగతి ఎంతో విలువైన సాక్ష్యం. ప్రతి గ్రాము బరువునూ లెక్కపెట్టుకున్న ఇంజనీర్లు ఏయే చోట్ల బరువు చేర్చడానికి సిద్ధపడ్డారో ఆ చోట్లే నిజంగా బలహీనమైనవని దీనివల్ల తెలుస్తుంది.

బిగువు తక్కువైన కారులో డ్రైవరుకు తెలిసేది ఏమిటి అన్నది తరవాతి ప్రశ్న. గతుకుల రోడ్డు మీద ముందు అద్దపు చట్రం, డాష్‌బోర్డు, స్టీరింగ్ ఒకదానికొకటి సంబంధం లేనట్టు వణుకుతాయి. లోపలి అద్దంలో వెనక దృశ్యం చెదిరిపోతుంది. తలుపు అంచుల దగ్గర కిర్రుమనే శబ్దం వినిపిస్తుంది. ముందు అద్దం మొదట్లో ఉండే అడ్డభాగాన్ని స్కటిల్ అంటారు గనుక ఈ వణుకుకు స్కటిల్ షేక్ అన్న పేరు వచ్చింది. ఇది కేవలం బలహీనత వల్ల కలిగేది కాదు, అనునాదం వల్ల కలిగేది. ఊయలను దాని ఊపుకు తగిన సమయంలో చిన్నగా తోసినా ఎత్తుకు లేచినట్టు, ఒక వస్తువు సహజంగా ఊగే వేగంతోనే దానిని ఎవరైనా కుదిపితే ఆ కదలిక పెద్దదవుతుంది. దానినే అనునాదం అంటారు. కారు చక్రమూ దాని ఇరుసు భాగాలూ టైరు మీద సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు ఎగురుతాయి, కప్పు లేని కారు శరీరం మెలిపడే సహజ వేగం కూడా తరచు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ రెండింటినీ విడదీయాలంటే శరీరాన్ని బిగించి దాని వేగాన్ని పెంచాలి. ఇక్కడే ప్రకృతి కఠినంగా వ్యవహరిస్తుంది, ఎందుకంటే సహజ వేగం బిగువుకు వర్గమూలంగా మాత్రమే పెరుగుతుంది. సెకనుకు 15 కంపనాల శరీరాన్ని 18కి తీసుకురావాలంటే బిగువును 44 శాతం పెంచాలి, అదీ బరువు పెరగకుండా. ఒకటి రెండు కడ్డీలు అంత మార్పు తేలేవు. అందువల్లనే కొన్ని కర్మాగారాలు కన్వర్టిబుల్ కార్ల మూలల్లో రబ్బరు మీద తేలే ఇనుప దిమ్మెలను అమర్చి, వణుకును ఆ దిమ్మెలే మింగేటట్టు చేస్తాయి. బరువు తగ్గించడానికి నిద్రలు మానుకున్న ఇంజనీర్లు చివరకు బరువునే మందుగా వాడవలసి రావడం ఈ సమస్య ఎంత మొండిదో చెబుతుంది.

వణుకు సంగతి అలా ఉంచితే, మలుపుల్లో కారు నడక మీద బిగువు ప్రభావం వేరొక లెక్క ప్రకారం సాగుతుంది. కారు మలుపు తిరిగేటప్పుడు పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగును స్ప్రింగులూ యాంటీ రోల్ బార్లూ ఎదిరిస్తాయి. ముందు చక్రాల వైపు ఎంత ఎదిరింపు, వెనక వైపు ఎంత అన్న నిష్పత్తిని బట్టే కారు మలుపును తేలికగా అందుకుంటుందా, బయటికి జారుతుందా అన్నది నిర్ణయమవుతుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య సంబంధం చాసిస్ ద్వారానే, అంటే నేటి కార్లలో బరువు మోసే శరీరం ద్వారానే, నడుస్తుంది గనుక చాసిస్ కూడా ఆ వరుసలో ఒక స్ప్రింగే. ఒకదాని వెనక ఒకటి కట్టిన రెండు స్ప్రింగులలో మెత్తనిదే ఫలితాన్ని శాసిస్తుంది. కేవలం ఉదాహరణకు, సస్పెన్షన్ ఎదిరింపు డిగ్రీకి 600 న్యూటన్ మీటర్లు, చాసిస్ బిగువు 6000 అనుకుంటే రెండూ కలిసి ఇచ్చేది సుమారు 545, అంటే 9 శాతం నష్టం. అదనపు కడ్డీలతో చాసిస్‌ను 25 శాతం పెంచి 7500 చేస్తే ఆ 545 కాస్తా 556 అవుతుంది. మనిషి చేతులకు ఆ తేడా అందడం కష్టం. అదే కారుకు పందెపు స్ప్రింగులు వేసి సస్పెన్షన్‌ను మూడు రెట్లు గట్టిచేస్తే, 1800కు గాను దక్కేది 1385 మాత్రమే, నష్టం 23 శాతానికి పెరుగుతుంది. అప్పుడు అవే కడ్డీలు ఆ సంఖ్యను 1452కు లేపుతాయి. నిజమైన కారులో లెక్క ఇంత సూటిగా ఉండకపోయినా, చెప్పే విషయం ఒకటే: మెత్తని స్ప్రింగులతో రోడ్డు మీద తిరిగే కారుకు చాసిస్ బిగింపు వల్ల మలుపుల్లో కలిగే లాభం స్వల్పం, గట్టి స్ప్రింగులతో పందెపు బాట మీద పరుగెత్తే కారుకు అది అవసరం. స్ప్రింగులను గట్టిచేసి చాసిస్‌ను అలాగే వదిలేయడం అన్నింటి కన్నా పొరపాటు నిర్ణయం, ఎందుకంటే అప్పుడు స్ప్రింగు చేయవలసిన పని శరీరం చేయడం మొదలుపెడుతుంది, శరీరానికి ఆ కదలికను అణచే షాకబ్జార్బర్ లేదు.

ఇక బజారులో దొరికే భాగాల విషయానికి వస్తే, అన్నింటి కన్నా ఎక్కువగా కంటపడేది, బానెట్ ఎత్తగానే మెరుస్తూ కనిపించేది, స్ప్రింగుల పై కొసలు ఆనే రెండు సస్పెన్షన్ బురుజులను కలిపే స్ట్రట్ బార్. దీని కీర్తికి చరిత్ర ఉంది. 1960ల ఫోర్డ్ మస్టాంగ్ కార్లలో ఇంజను గది బురుజులను కలిపే బార్, బురుజుల నుంచి వెనక గోడకు పోయే త్రికోణపు బ్రేసు, అంటే ఊతకడ్డీ, నిజంగా అవసరమయ్యాయి, షెల్బీ జీటీ 350 వంటి పందెపు రూపాలలో వాటిని అమర్చారు. మాక్‌ఫర్సన్ స్ట్రట్ అనే పద్ధతి ఉన్న కార్లలో చక్రాన్ని నిటారుగా నిలిపే బాధ్యతలో భాగం ఆ బురుజు తల మీదే పడుతుంది గనుక అక్కడ కూడా ఈ బార్‌కు అర్థముంది. కానీ తొలి ఎంఎక్స్-5లో చక్రాన్ని పట్టుకునేవి పైనా కిందా ఉండే రెండు విష్‌బోన్ చేతులు, అవి బిగిసి ఉండేది అడుగున ఉన్న ఉక్కు చట్రానికి. బురుజు మీద పడేది ప్రధానంగా స్ప్రింగు నిలువు బరువే. కాబట్టి ఈ కారులో స్ట్రట్ బార్‌కు పెట్టే డబ్బు చాలావరకు కంటికి ఇంపు కోసమే అవుతుందన్న నిర్ణయానికి రాక తప్పదు.

కంటికి కనపడని అడుగుభాగం బ్రేసుల సంగతి వేరు. గేరుబాక్సును కప్పే సొరంగం తిరగేసిన దోనెలా ఉంటుంది, పైనా పక్కలా రేకు, కింద ఖాళీ. బ్రెట్ సూత్రం ప్రకారం అది చీలిక ఉన్న గొట్టం. ఆ ఖాళీని అడ్డంగా దాటే పలకలనూ కడ్డీలనూ బోల్టులతో బిగిస్తే ఆ చీలిక పూర్తిగా కాకపోయినా కొంత మూసుకుంటుంది, కొద్ది ఉక్కుతో ఎక్కువ ఫలితం వచ్చే చోటు అదే. హోండా సంస్థ 1999లో ఎస్ 2000 కారును తయారుచేసినప్పుడు ఈ సొరంగాన్నే ఎత్తైన మూసిన దూలంగా మలచి, రెండు చివరలా పక్క దూలాలకు చీలి కలిసేటట్టు పుట్టుకతోనే అమర్చింది. తొలి ఎంఎక్స్-5 అడుగున నేలరేకుకు అతికి పొడవునా సాగే పలుచని పట్టాలు రెండు ఉంటాయి. తెలియక వాటి కింద జాకీ పెట్టి ఎత్తేవారు ఎందరో ఉండడంతో పాత కార్లలో అవి అణగి నలిగి కనిపిస్తాయి. వాటి మీద తొడుగులా బిగించే మందపాటి ఉక్కు పట్టాలు, ఆ పట్టాలను సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో గడపల వైపు కలిపే బ్రేసులు, రోడ్డు కారుకు పెట్టే ఖర్చులలో సమర్థించదగినవి. 1994 తరవాతి కార్లకు కర్మాగారం చేర్చిన అడ్డకడ్డీలు అంతకు ముందరి కార్లకు కూడా బోల్టులతో బిగుస్తాయి గనుక, పాత విడిభాగాలలో అవి దొరికితే అంత చవకైన, అంత తార్కికమైన మెరుగు మరొకటి ఉండదు. అయితే అడుగున చేర్చే ప్రతి కడ్డీ నేలకూ కారుకూ మధ్య ఉన్న ఎడాన్ని కొంత తినేస్తుంది. స్పీడ్ బ్రేకర్లున్న దేశాల్లో అది చిన్న విషయం కాదు.

గడపల లోపల పాలియురెథేన్ నురుగు నింపడం మరొక పద్ధతి. పలుచని రేకు లోపలికి నొక్కుకుపోకుండా నురుగు ఆపుతుంది గనుక సూత్రరీత్యా అది సరైనదే. అయినా పాత కారుకు దానిని సిఫారసు చేయడానికి ఏ జాగ్రత్తగల మెకానిక్కైనా వెనకాడతాడు, దానికి బలమైన కారణం ఉంది. ఎంఎక్స్-5 గుడ్డకప్పు మీద పడిన వాన నీరు సీట్ల వెనక ఉన్న సన్నని గొట్టాల గుండా కిందికి దిగుతుంది; ఆకులూ దుమ్మూ చేరి ఆ గొట్టాలు మూసుకుపోతే నీరు దారి తప్పి గడపల్లోకి చేరి, నెలల తరబడి నిలిచి, లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే బ్రిటన్ వంటి చోట్ల ఈ కార్ల వెనక చక్రాల ముందు గడప కొసలు తినుకుపోవడం అందరికీ తెలిసిన వ్యాధి. ఆ దేశంలో ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో సీటుబెల్టు, సస్పెన్షన్ వంటివి బిగిసే చోట్లకు 30 సెంటీమీటర్ల లోపల తీవ్రమైన తుప్పు కనిపిస్తే కారు తప్పుతుంది. నురుగు నింపిన గడపలో నీరు బయటికి పోయే రంధ్రాలు పూడిపోతాయి, తేమ లోపలే ఉండిపోతుంది. నురుగు ఉన్న చోట వెల్డింగ్ చేయడం మంటకూ విషపు పొగకూ దారితీస్తుంది. కప్పు లేని కారుకు గడపలే కప్పు అని పైన చెప్పుకున్నప్పుడు, తుప్పు తిన్న గడప మీద కొత్త కడ్డీలు బిగించడం చెదలు పట్టిన దూలానికి రంగు వేయడం వంటిదని వేరుగా చెప్పనక్కరలేదు. బిగింపు కోసం దాచిన సొమ్ములో మొదటి రూపాయి నీటి గొట్టాలు శుభ్రం చేయడానికీ, రెండవది గడపలను విప్పి చూసి అవసరమైతే కొత్త రేకు వేయించడానికీ వెళ్లాలి. అరిగిన సస్పెన్షన్ బుష్షులు, చచ్చిపోయిన షాకబ్జార్బర్లు, పాతబడి గట్టిపడిన టైర్లు కూడా చాసిస్ బలహీనత లాంటి వణుకునే పుట్టిస్తాయి. అవి మార్చిన తరవాత ఎందరో యజమానులకు అసలు కడ్డీల అవసరమే కనిపించదు.

సీట్ల వెనక నిలబెట్టే రోల్ బార్ గురించి కొంత నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ రెండు వేరువేరు ప్రయోజనాలు కలిసిపోయి ఉంటాయి. నాలుగు చోట్ల బిగిసే కమాను ఆకారపు బార్ వెనక భాగాన్ని కొంత బిగించినా, ముందు అద్దానికీ సీట్లకూ మధ్య ఉన్న ఖాళీని, అంటే కారులో అతి బలహీనమైన చోటును, అది తాకదు. ఆ ఖాళీని కూడా గొట్టాలతో దాటి, తలుపుల మధ్య నుంచి అడ్డకడ్డీలు పోనిచ్చే పూర్తి కేజ్ ఒక్కటే పోయిన కప్పును నిజంగా తిరిగి తెస్తుంది. బిగువులో పెద్ద అంగ వేయగలిగినది అదే. కానీ హెల్మెట్టు లేని తలకు అంగుళాల దూరంలో ఉక్కు గొట్టం ఉండడం ప్రమాదం జరిగినప్పుడు ప్రాణాంతకం కావచ్చు. కేజ్ పందెపు సీటు, పందెపు బెల్టు, హెల్మెట్టు ఉన్నవారికే తప్ప రోడ్డు మీద తిరిగేవారికి తగదన్న మాటను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. రోల్ బార్‌ను కారు బోల్తాపడినప్పుడు తలను కాపాడే సాధనంగానే కొనాలి. పందెపు బాటలను అద్దెకిచ్చే నిర్వాహకులు చాలామంది ఒక సులువైన పరీక్ష పెడతారు. రోల్ బార్ పైనుంచి ముందు అద్దం పై అంచుకు ఒక చీపురు కర్రను ఆనించి, హెల్మెట్టు పెట్టుకుని కూర్చున్న డ్రైవరు తల ఆ కర్రకు కిందనే ఉందో లేదో చూస్తారు. తల కర్రను తాకితే ఆ బార్ ఎంత ఖరీదైనదైనా ఆ మనిషిని కాపాడలేదు. మన దేశంలో ఇటువంటి మార్పులు తలపెట్టేవారికి ఇంకొక సంగతి కూడా వర్తిస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది.

బిగువు పెంచడం ఎప్పుడూ మంచికే దారితీస్తుందన్న నమ్మకాన్ని కూడా కొంత సవరించుకోవాలి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లతో నిలకడగా నడిచేటప్పుడు సెకనుకు దాదాపు 27 సార్లు పేలుడు తాకిడి పుడుతుంది. ఏదైనా కొత్త బిగింపు వల్ల స్టీరింగ్ స్తంభపు సహజ వేగం సరిగ్గా ఆ అంకెకు చేరితే, అంతకుముందు గతుకుల మీద మాత్రమే వణికిన స్టీరింగ్ చక్రం ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వణకడం మొదలుపెట్టవచ్చు. ఒక చోట బిగిస్తే మెలి దాని పక్కనున్న బలహీనమైన చోటుకు తరలిపోవడం, అక్కడి అతుకులు పగలడం కూడా సంభవమే. నులకమంచం కోళ్లలో ఒకటి మిట్ట మీద పడినా పట్టెలు కొద్దిగా సర్దుకుని నాలుగు కోళ్లూ నేలకు ఆనుతాయి, గట్టి చెక్కబల్ల అయితే మూడు కాళ్ల మీద తూగుతుంది. కారుకు ఆ సర్దుబాటు శరీరంలో కాక స్ప్రింగులలో ఉండాలి. ఆ స్ప్రింగులు మెత్తగా, మంచి స్థితిలో ఉన్నంత కాలం కారు బిగువును చూసి భయపడనక్కరలేదు.

ఏ భాగమైనా బిగించే ముందూ తరవాతా పరీక్షించి చూసే ఓపిక ఉన్న యజమానికి అమ్మకందారుల మాటల మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది. మొదటి పరీక్ష కదలకుండా ఉన్న కారు మీద చేయాలి. సమతలమైన నేల మీద తలుపుకూ వెనక రెక్కకూ మధ్య సందును పైనా కిందా కొలిచి రాసుకుని, తయారీదారు చూపిన చోటనే జాకీ పెట్టి, కారు కిందికి ఎవరూ చేయి గానీ కాలు గానీ పోనివ్వకుండా, ఒక మూలను మెల్లగా ఎత్తి మళ్లీ కొలవాలి. సందు ఎంత మారిందో అదే ఆ కారు మెలికి కొలత. గడపలు బాగున్న కారులో ఆ స్థితిలోనూ తలుపు తెరుచుకుని మూసుకుంటుంది. తలుపు పట్టేస్తే కొనవలసినది బ్రేసు కాదు, చూపించవలసినది రేకుపని చేసే మేస్త్రీకి. రెండవ పరీక్షకు తెలిసిన గతుకులున్న ఒకే రోడ్డును ఎంచుకుని, టైర్లలో అంతే గాలి, అంతే వేగం ఉండేటట్టు చూసుకుని, ఒక్కసారికి ఒక్క భాగాన్నే మార్చుతూ నడపాలి. డ్రైవరు రోడ్డు మీదనే దృష్టి నిలపగా, పక్కన కూర్చున్నవారు ఫోనుతో లోపలి అద్దాన్ని వీడియో తీస్తే చాలు. బ్రేసు బిగించక ముందు తీసిన దానిలో చెదిరిపోయిన వెనక బండి నంబరు, బిగించిన తరవాత తీసిన దానిలో అంకె అంకెగా చదవడానికి వస్తుందో లేదో ఇంటికి వచ్చి తీరిగ్గా పోల్చి చూసుకోవచ్చు.